చెల్లెలి కోసం ఇల్లు తాకట్టు పెట్టవచ్చా?

ప్రశ్న: మాది రాయచోటి దగ్గరి పల్లె. నాకు 34 ఏళ్లు. రెండున్నరేళ్లుగా కువైట్‌లో ఇంటి పని చేస్తూ నెలకు రూ.25,000 పంపుతున్నాను. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఇంకా రూ.1.20 లక్షలుంది. మా చెల్లెలికి 27 ఏళ్లు, ఈసీఆర్ పాస్‌పోర్టు (గల్ఫ్‌కు పనికి వెళ్లాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సినది). విజిట్ వీసా మీద తెస్తానని ఏజెంటు రూ.2 లక్షలు అడుగుతున్నాడు. ఇల్లు తాకట్టు పెట్టి అదే వడ్డీకి తేవచ్చా? ప్లాటుకు వాయిదాలు కట్టవచ్చా?

జవాబు: తేవద్దు. ఇప్పటికే నెలకు రూ.3,600 వడ్డీ కడుతున్నారు. దానికి మరో రూ.6,000 తోడైతే మీరు పంపే డబ్బులో మూడో వంతుకు పైగా వడ్డీకే పోతుంది, అసలులో రూపాయి కూడా తగ్గదు.

పైగా ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న మహిళలను 30 ఏళ్లు నిండకుండా గల్ఫ్‌కు ఇంటి పనికి పంపడానికి మన ప్రభుత్వం అనుమతించదు. కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం వారానికి ఒక సెలవు, ఏడాదికి జీతంతో కూడిన సెలవులు, పని ముగిశాక సర్వీసులోని ప్రతి ఏడాదికి నెల జీతం ఇవ్వాలని చెబుతుంది, పాస్‌పోర్టును యజమాని తన దగ్గర ఉంచుకోవడాన్ని నిషేధిస్తుంది. కానీ విజిట్ వీసా మీద వెళ్లి, పని ఒప్పందమూ అకామా (నివాస అనుమతి) లేని మనిషి ఇవన్నీ అడగాలంటే ముందు తానే నేరస్థురాలిగా నిలబడాల్సి వస్తుంది. అలాంటి స్థితిని రెండు లక్షలు పోసి కొనుక్కోవడం ఏమిటి?

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మీ లేఖలో బీమా మాటే లేకపోవడం. విదేశాలకు పనికి వెళ్లేవారి కోసం ప్రభుత్వం నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్ ద్వారా వెళ్లి ఉంటే మీకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉండి ఉంటుంది. అది రెండేళ్ల పాలసీ అయితే ఆరు నెలల క్రితమే ముగిసింది. రెండేళ్లకు రూ.275 ప్రీమియం, ప్రమాదంలో మరణిస్తే లేదా శాశ్వత వైకల్యం కలిగితే రూ.10 లక్షలు. ఈ వారమే ఆన్‌లైన్‌లో పునరుద్ధరించండి. జబ్బుతో మరణిస్తే ఆ రూ.10 లక్షలు రావు కాబట్టి, ఊళ్లోని బ్యాంకు ఖాతా ద్వారా ఏడాదికి రూ.436 కట్టే జీవన జ్యోతి బీమా కూడా తీసుకోండి, దానికి రూ.2 లక్షలు వస్తాయి.

ఆ తరువాత అత్యవసర నిధి. జీతం రెండు నెలలు ఆగినా, ఉన్నపళంగా తిరిగి రావాల్సి వచ్చినా టికెట్టుకూ మూడు నెలల ఇంటి ఖర్చుకూ సరిపోయేలా లక్ష రూపాయలు మీ పేరు మీదే, మీ చేతి కింద ఉండాలి. ఇంటికి పంపినదంతా ఇంట్లోనే కరిగిపోతున్న కుటుంబాలను చాలా చూస్తున్నాను.

బంగారం ఉంటే బ్యాంకులో కుదువపెట్టి, ఆ మూడు రూపాయల అప్పు తీర్చేయండి. ప్లాటు సంగతి లక్ష చేరాకే. మీ చెల్లెలికి 30 నిండాక కూడా వెళ్లాలనే ఉంటే, విదేశాల్లో పనికి పంపే ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్‌లో పేరు నమోదు చేయించండి.