ఇన్వీతో అంటే శుభలేఖేనా?

సందేహం: మా అబ్బాయి మిలాన్‌లో చదువుతున్నాడు. అక్కడి స్నేహితుడి పెళ్లి కవర్లో రెండు కార్డులు వచ్చాయట, చిన్నదాని మీద ‘ఇన్వీటో’ అని ఉందట. ఆహ్వానమనేనా? మన ఇన్విటేషన్ దీన్నుంచే వచ్చిందా?

సమాధానం: ఆహ్వానమేనండీ. కానీ ముందు ఆ ‘టో’ సంగతి. ఇటలీవాళ్ల తకారం నాలుక పళ్లకు తగిలేది, అచ్చం మనదే. ఇంగ్లీషు అలవాటు కొద్దీ మనం ట పెట్టేస్తాం. ఇన్వీతో అనాలి, ఊనిక ‘వీ’ మీద. చివరి అచ్చు పలకడానికి పొట్టిదే, అయితే తెలుగు మాట చివర హ్రస్వ ఒకారం ఇమడదు కాబట్టి దీర్ఘం రాస్తాం. (‘ఇన్వీతో వెళ్లాడు’ అని రాస్తే, ఇన్వీ ఎవరమ్మాయి అని అడిగేవాళ్లుంటారు.)

ఇన్విటేషన్ దీన్నుంచి రాలేదు. రెండింటికీ మూలం లాటిన్ ‘ఇన్వితారే’, ఇంగ్లీషువాళ్లకు అది ఫ్రెంచి దారిలో చేరింది. లాటిన్‌లో ఆ క్రియకు పిలవడం ఒక్కటే కాదు, ఇంటికొచ్చినవాళ్లకు తిండీ తాగుడూ పెట్టి మర్యాద చేయడం అనే అర్థం కూడా ఉంది. ఇటాలియన్‌లో పెద్ద విందును ‘కొన్వీతో’ అంటారు, అదీ ఈ కుదురుదే. మన ఆహ్వానంలో ఉన్నది ‘హ్వే’ ధాతువు, అంటే పిలవడం, కేకేయడం. అందులో భోజనం ఊసు లేదు.

ఇంకో తమాషా, ‘ఇన్వీతో’ అంటే ‘పిలుస్తున్నాను’ అని కూడా. మనం ‘నేను’ లేకుండా ‘పిలుస్తాను’ అన్నట్టే, వాళ్లకూ ఎవరు పిలుస్తున్నారో క్రియ చివరే తెలిసిపోతుంది.

ఇక రెండు కార్డుల సంగతి. పెద్దదాన్ని ‘పార్తెచిపత్సియోనె’ అంటారు. ఫలానా రోజు, ఫలానా చర్చిలో మా పెళ్లి అని తెలియజేసేది. ఆ తర్వాతి విందుకు రమ్మనేదే చిన్న ఇన్వీతో, అది అందరికీ పెట్టరు. మనం ఒకే శుభలేఖలో ముహూర్తం చెప్పి, ‘మా ఆతిథ్యం స్వీకరించి’ అని భోజనమూ కలిపేస్తాం కాబట్టి ఈ తేడా తట్టదు. నన్నడిగితే పెద్దదాన్ని శుభలేఖ అనీ, చిన్నదాన్ని విందు పిలుపు అనీ అంటాను.

మీవాడికి రెండూ వచ్చాయి కదా, నిశ్చింతగా భోజనానికి ఉండమనండి.