భయభక్తుల గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

ప్రభువు నామంలో వందనాలు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. 'విశ్వాసి దేవునికి ఇంకా భయపడాలా?' అని అడిగి, మొదటి పేజీలోనే 'అక్కర్లేదు' అని తేల్చేశావు. భాష సాఫీగా ఉంది, చదివించే గుణం ఉంది. కానీ ఇది అంత తొందరగా తేలే ప్రశ్న కాదు.

వ్యాసం మొత్తాన్ని ఒక్క వచనం మీద నిలబెట్టావు: 'పరిపూర్ణ ప్రేమ భయమును వెళ్లగొట్టును' (1 యోహాను 4:18). అయితే ఆ వెంటనే ఉన్న ముక్క వదిలేశావు. 'భయము దండనతో కూడినది' అంటున్నాడు యోహాను. దానికి పైన 17వ వచనంలో ఉన్నది తీర్పు దినం మాట. అంటే ఏ భయం పోవాలో ఆయనే చెప్పాడు. ఎప్పుడు కొడతాడో, చివరికి నన్ను గెంటేస్తాడేమో అని లోపల్లోపల వణికే భయం. అది పోవాల్సిందే, అందులో నీతో నాకు పేచీ లేదు.

ఆ భయం నాకు బాగా తెలుసు. నీ వయసులో ఒక తప్పు చేసి, దాదాపు నాలుగు నెలలు ప్రార్థన మానేశాను. నా బైబిలు బల్ల మీదే ఉండేది. గదిలోకి వచ్చినప్పుడల్లా దాని నల్ల అట్ట కళ్లబడేది. ఒకరోజు దాని మీద వార్తాపత్రిక కప్పాను. మర్నాడు ఆ పత్రిక తీయకుండా దానిమీదే ఇంకోటి వేశాను. అలా ఒక కట్ట అయింది. ఆదాము చేసిందీ ఇదే కదా: 'భయపడి దాగుకొంటిని' (ఆదికాండము 3:10). నాకు దొరికినవి చెట్లు కాదు, పాత పేపర్లు. అంతే తేడా. ఇలాంటి భయంతో మనిషి పాపం మానడు, దేవుణ్ణి మానేస్తాడు.

'భయం పాత నిబంధనది, ప్రేమ కొత్త నిబంధనది' అని రాసిన వాక్యం మాత్రం కొట్టేయి. అపొస్తలుల కార్యములు 9:31 తీసి చూడు. సంఘం ప్రశాంతంగా ఉంది, పెరుగుతోంది. ఎలా నడుస్తోందట? ప్రభువునందు భయమూ పరిశుద్ధాత్మ ఆదరణా రెండూ కలిగి. పేతురైతే ఇంకా సూటిగా, దేవుణ్ణి తండ్రి అని పిలుస్తున్నారు కనుకనే భయంతో బతకండి అన్నాడు (1 పేతురు 1:17). పౌలు తాను ఎంతో ఆప్యాయంగా రాసిన ఫిలిప్పీ పత్రికలోనే 'భయముతోను వణకుతోను' అన్నాడు. కారణం కూడా పక్కనే ఉంది: మీలో పనిచేస్తున్నది దేవుడే (2:12, 13). ఆయన దూరంగా నిలబడి బెదిరిస్తున్నందుకు కాదు, లోపలే ఉన్నందుకు వణుకు.

ఇక నీ వ్యాసాన్ని మలుపు తిప్పగల వచనం 130వ కీర్తనలో ఉంది. నాలుగో వచనం. జనులు నీయందు భయభక్తులు నిలిపేటట్లు నీ దగ్గర క్షమాపణ దొరుకుతుంది అంటాడు కీర్తనకారుడు. మామూలుగా మనం అనుకునేది దీనికి తిరగబడి ఉంటుంది. శిక్ష ఉంటే భయం, క్షమిస్తే ఇక భయమెందుకు అనుకుంటాం. ఆయన క్షమాపణ నుంచే భయం పుడుతుందంటున్నాడు. ఈ వచనం చాలా ఏళ్లు నాకు మింగుడు పడలేదు.

మా అన్నయ్య వల్ల అర్థమైంది. ఒకప్పుడు ఆయన పేరు చెప్పి, ఆయనకు తెలియకుండా అప్పు చేశాను. సంగతి బయటపడ్డాక ఆయనే తీర్చాడు. ఒక సాయంత్రం వచ్చి, ప్రామిసరీ నోటు నా ముందే రెండు ముక్కలు చేసి బల్ల మీద పెట్టాడు. తిడతాడని తల దించుకుని కూర్చున్నాను. 'ఇంకెవరికైనా ఇవ్వాలా?' అని మాత్రం అడిగాడు. ఆ గొంతులో కోపం లేదు. దొరికిపోతానన్న టెన్షన్ అంతకుముందు ఉండేది, కానీ దానితో నేను అబద్ధాలు మానలేదు, ఇంకా జాగ్రత్తగా ఆడాను. ఆ సాయంత్రం తర్వాత మాత్రం ఆయనతో చిన్న అబద్ధం చెప్పాలన్నా నోరు పెగిలేది కాదు. అది భయమే. దానికి వేరే పేరు నాకు తెలియదు. కానీ ఆ భయంతో నేను ఆయనకు దగ్గరయ్యాను.

5వ శతాబ్దం తొలినాళ్లలో అగస్టీను అనే బిషప్పు, నువ్వు ఎత్తుకున్న యోహాను వచనం మీదే ప్రసంగిస్తూ ఇద్దరు భార్యల పోలిక చెప్పాడు. ఇద్దరికీ భర్త అంటే భయమే. ఒకామెకు ఆయన వచ్చేస్తాడేమోనని, ఇంకొకామెకు వెళ్లిపోతాడేమోనని. నీ పాఠకుణ్ణి ఈ తేడా దగ్గరకు తీసుకురా.

ఇంకో మాట. దేవుని భయం అంటే 'గౌరవం మాత్రమే' అని మూడుచోట్ల సర్దేశావు. గౌరవం పెద్దవాళ్లకి లేచి నిలబడితే సరిపోతుంది. ప్రకటన గ్రంథము 1:17లో యేసును చూసిన యోహాను లేచి నిలబడలేదు, చచ్చినవాడిలా పడిపోయాడు. సంఘ సంప్రదాయం ప్రకారం, భోజనపు బల్ల దగ్గర యేసు రొమ్మున ఆనుకున్నదీ, 'ప్రేమలో భయముండదు' అని రాసిందీ ఆయనే. అంత చనువున్నవాడు అలా పడ్డాడు. యేసు కుడిచెయ్యి ఆయన మీద వేసి 'భయపడకుము' అన్నాడు. ఆ పడిపోవడం, ఆ చెయ్యి, రెండూ నీ వ్యాసంలో ఉండాలి. హీబ్రూలో ఒక్క మాటగా ఉన్నదాన్ని మన బైబిలు చాలాచోట్ల 'భయభక్తులు' అంది. ఆ జంటను విడదీయకుండా రాయి.

రాసేటప్పుడు ఎవరు చదువుతారో కూడా తలుచుకో. తండ్రి చెప్పుల చప్పుడు వింటేనే మంచం కింద దూరిన పిల్లలు పెద్దవాళ్లయి నీ వ్యాసం చదువుతారు. వాళ్లకి భయం అన్న మాటే దెబ్బలా తగులుతుంది. వాళ్ల కోసం ముందు క్షమాపణ చెప్పు, భయం తర్వాత చెప్పు. 130వ కీర్తనలో ఉన్న వరుస కూడా అదే.

దైవసేవకుణ్ణి, అంటే పాస్టరుని, ప్రశ్నిస్తే శాపం తగులుతుందని బెదిరించేవాళ్ల గురించి నువ్వు కోపంగా రాశావు. ఆ కోపం న్యాయమైనదే, తగ్గించకు. కానీ దానికి మందు దేవుని భయాన్ని తీసేయడం కాదు. ఐగుప్తులో షిఫ్రా, పూయా అనే మంత్రసానులు, హెబ్రీయుల మగపిల్లల్ని పుట్టగానే చంపమన్న ఫరో రాజు ఆజ్ఞను కాదని వాళ్లను బతకనిచ్చారు. దేవునికి భయపడ్డారు కాబట్టే ఆ తెగువ వచ్చిందని నిర్గమకాండము మొదటి అధ్యాయమే చెబుతోంది. మనుషులు పెట్టే భయంతో నలిగిపోతున్న విశ్వాసికి ఆ ఇద్దరు స్త్రీల కథ చెప్పు. ఇప్పుడున్న ఆఖరి పేజీ మొత్తం తీసేసి అక్కడ వాళ్లను పెట్టినా నాకు సంతోషమే.

తిరగరాసి పంపు. ఈసారి నీకు దేవుడంటే నిజంగా భయమేసిన రోజు ఏదైనా ఉంటే, అది కూడా రాయి. అచ్చుకి ఇవ్వకపోయినా సరే, నాకు పంపు.

నీ అన్న