ఆ పూలజడ దగ్గర ఆగు

అమ్మాయీ,

నీ కథ అందింది. మొహమాటం లేకుండా చెబుతున్నాను, మొదటి నాలుగు పేజీలూ నువ్వు రాసినవి కావు. ఈశాన్య రాష్ట్రాల పోలికలతో, పెంపుడు ఇంట్లో పెరిగిన నీలాంటి పిల్లల గురించి పత్రికలు వాడే మాటలవి. ‘సమాజం వెలివేసింది’, ‘వివక్ష కోరలు చాచింది’... అన్నీ కొట్టేయ్. నువ్వు పెరిగిన ఇంట్లో వివక్ష ‘అన్నం తిన్నావా’ అని ఆప్యాయంగా అడిగి మరీ వచ్చింది.

అసలు కథ అయిదో పేజీలో ఉంది. మారతహళ్లిలో పెళ్లి. పట్టు పరికిణీతో మంటపం మెట్ల మీద నిలబడ్డ నిన్ను చూసి మగపెళ్లివారి పెద్దావిడ, ‘పార్లర్ అమ్మాయివేనా? పెళ్లికూతురి జడ అయిందా?’ అంటుంది. బెంగళూరులో ఆవిడ నీ పోలికలున్న ఆడపిల్లలను చూసింది పార్లర్లలోనే. తానేమైనా తప్పు మాట్లాడానన్న ఊహే ఆవిడకు లేదు. పక్కనే ఉన్న మీ అమ్మ నవ్వేసింది. నువ్వు లోపలికి వెళ్లి నిజంగానే పూలజడకు పిన్నులు పెట్టావు. ఇంతటి ఘట్టాన్ని మూడు వాక్యాల్లో తేల్చేసి ‘నా గుండె పగిలింది’ అంటూ పరుగెత్తావెందుకు? ఆ నవ్వు మాట దాటవేయడానికా, సిగ్గుతోనా? పెళ్లికూతురు అద్దంలో నీకేసి చూసిందా? నీ చేతులు వణికాయా, లేక పని చక్కగా కుదిరినందుకు కాస్త గర్వపడ్డావా? అక్కడ ఆగు. రెండు పేజీలు పట్టనీ. గుండె సంగతి పాఠకులు చూసుకుంటారు.

2012 ఆగస్టు గురించి రాసిన భాగం వార్తలా ఉంది. దాడులు జరుగుతాయని వదంతులు పుట్టడం, ఈశాన్య రాష్ట్రాలవాళ్లు వేలమంది గువాహటి రైళ్ల కోసం బెంగళూరు సిటీ స్టేషన్‌కు పోటెత్తడం, ప్రభుత్వం మూకుమ్మడి ఎస్సెమ్మెస్సులను ఆపేయడం అందరికీ తెలిసినవే. నీకప్పుడు ఎనిమిదేళ్లు. ఆ వయసు పిల్లకు ఇవేవీ తెలియవు. పక్కింటావిడ ‘దీన్నీ పంపించేస్తారా?’ అనడం తెలుస్తుంది. మీ నాన్న జవాబు చెప్పకుండా తలుపు గడియ పెట్టాడని రాశావే, అది ఉంచు. ఎక్కడికి పంపుతారు? నీ సొంత ఊరేదో నిన్ను మీ ఇంటికి అప్పగించిన బాలల సంక్షేమ సమితి కాగితాల్లోనే లేదు. రేపు ఏ సంపాదకుడైనా కొండలు, లోయలు కొన్ని చేర్చమంటే చేర్చకు. నువ్వు చూడని కొండలవి.

ఇంకో చిక్కు. దత్తత వేరు, నీలా కొంతకాలానికి అప్పగించే ఈ పెంపకం (ఫాస్టర్ కేర్) వేరు అని మన పాఠకుల్లో చాలామందికి తెలియదు. దత్తత వెళ్లిన బిడ్డ పూర్తిగా ఆ ఇంటి బిడ్డ. నీది ఆ సమితి ఉత్తర్వు ఉన్నంతకాలమే, పద్దెనిమిదేళ్లు నిండితే అదీ తీరిపోతుంది. 2015 బాల న్యాయ చట్టం ఇలాంటి ఇళ్లను సమితి నెలనెలా తనిఖీ చేయాలంటుంది. మీ ఇంటికి ఎప్పుడెప్పుడు వచ్చారో నీకే తెలియాలి. దీన్ని వ్యాసంలా విప్పి చెప్పకు. వాళ్లు వచ్చే రోజు మీ అమ్మ నీ తలకు నూనె రాసి, కొత్త గౌను తొడిగి, ‘నవ్వుతూ ఉండు’ అనేదన్నావు కదా, చాలు. నిన్ను ఎక్కడ తీసుకుపోతారోనన్న ఆవిడ భయమంతా ఆ నూనె చేతుల్లో ఉంది. పెళ్లిలో నవ్వేసిందీ ఆవిడే. చివరి పేజీలో ఆవిడ కాళ్లకు దండం పెట్టించి దేవతను చేశావు. మన సంపాదకులకు అలాంటి కన్నీళ్లంటే మహా ఇష్టం. నాకు మాత్రం ఆ పేజీ అబద్ధంలా తోచింది. ఆ రెండు ఘట్టాలనూ పక్కపక్కన పెట్టి ఊరుకో. క్షమించాలో లేదో కథలోనే తేల్చేయాలన్న నియమం ఏమీ లేదు.

మీ ఇంట్లో ఇప్పుడు నీలాగే పెరుగుతున్న చిన్నవాణ్ని మాత్రం పూర్తిగా తీసేయ్. వాడి పేరు మార్చానన్నావు. కానీ బడి, వీధి, చేతి మీద మచ్చ అలాగే ఉన్నాయి. పిల్లలను గుర్తుపట్టే వివరాలు బయటపెట్టడాన్ని అదే చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తుంది. చట్టం అలా ఉంచు, వాడి కథను వాడు పెద్దయ్యాక రాసుకోవద్దా?

కలం పేరు పెట్టుకోనా అని అడిగావు. వాణ్ని తప్పించాక ఆ అవసరం లేదు. మీ అమ్మ పెట్టిన పేరుతోనే పంపు. పక్కన ఫొటో కూడా వేస్తే, నీకు ఇంత మంచి తెలుగు ఎలా వచ్చిందంటూ ఉత్తరాలొస్తాయి. వాటికి జవాబివ్వనక్కర్లేదు. తిరగరాసింది చేత్తో పట్టుకురా, పోస్టులో వద్దు. ఆదివారం మనవలుంటారు, చదవనివ్వరు. శనివారం రా.

ఆశీస్సులతో.