ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ తర్వాత ఫార్మా క్యూసీలో చేరాలా, బయోటెక్ స్టార్టప్‌లోనా?

మీ ప్రశ్న చదివాను. ఎమ్మెస్సీ అయిపోయింది, ఫార్మా కంపెనీ క్యూసీ (నాణ్యత పరీక్షల విభాగం) మైక్రో ల్యాబులో ఒక ఆఫర్, జీవన ఎరువులు (పంటకు పోషకాలు అందించే బతికున్న బ్యాక్టీరియా) తయారు చేసే చిన్న స్టార్టప్‌లో ఇంకో ఆఫర్ ఉన్నాయి. ఇంట్లో వాళ్లు ఫార్మాకే ఓటేస్తున్నారు. నేను రెండూ చేశాను. ముందు ఇంజెక్షన్లు తయారయ్యే ఫ్యాక్టరీలో, తర్వాత హైదరాబాద్ దగ్గర తుర్కపల్లి వైపు, కొత్త కంపెనీలకు చోటిచ్చే ఇంక్యుబేటర్‌లో అద్దెకున్న ఒక చిన్న కంపెనీలో. స్టార్టప్‌లోనే ఎక్కువ నేర్చుకుంటారు. కానీ మీ పైన ఫెర్మెంటర్ (బ్యాక్టీరియాను పెంచే ట్యాంకు) నడిపిన మనిషి ఒక్కరైనా ఉంటేనే చేరండి. లేకపోతే రెండేళ్లు క్యూసీ చేసి వెళ్లడం నయం.

క్యూసీలో పని ఎలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. గాలిలోని సూక్ష్మజీవుల్ని పట్టే సెటిల్ ప్లేట్లు, నీటి శాంపిళ్లు, మందులో సూక్ష్మజీవులు లేవని చూడటానికి 14 రోజులు ఇంక్యుబేట్ చేసే స్టెరిలిటీ టెస్టు, ప్రతిదానికీ ఒక ఎస్ఓపీ (ఎలా చేయాలో రాసిన పద్ధతి), ప్రతి అంకె పక్కనా సంతకం. బోరే, కాదనను. అయితే చేసిన పని చేసిన క్షణంలోనే రాసిపెట్టే అలవాటు అక్కడే పడుతుంది. స్టార్టప్‌లో ఆ అలవాటున్న వాళ్లు తక్కువ. అందుకే మొదటి నెలలోనే నాకు కాస్త గౌరవం దొరికింది.

స్టార్టప్‌లో మైక్రోబయాలజిస్టు అంటే మీడియా (బ్యాక్టీరియాకు తిండి) కలిపేదీ, గ్లాసువేర్ కడిగేదీ, ఆటోక్లేవ్ (ఆవిరితో సామాన్లను శుద్ధి చేసే యంత్రం) గ్యాస్కెట్ కోసం బాలానగర్‌లో షాపులు తిరిగేదీ మీరే. ఆదివారం సెలవన్న సంగతి బ్యాక్టీరియాకు తెలియదు కదా, ప్లేట్లు లెక్కపెట్టాల్సిన రోజు వస్తే వెళ్లాల్సిందే.

అసలు చదువు మొదలయ్యేది ఫ్లాస్కు నుంచి ట్యాంకుకు మారినప్పుడు. షేకర్ మీద 250 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో చక్కగా పెరిగిన కల్చర్ (పెంచుతున్న బ్యాక్టీరియా) వంద లీటర్ల ట్యాంకులో మొండికేస్తుంది. చాలాసార్లు కారణం ఆక్సిజన్. కణాలు పెరిగేకొద్దీ నీటిలో కరిగిన ఆక్సిజన్ పడిపోతుంది. సరే అని గాలి పెంచి, స్టిరర్ వేగం పెంచితే నురుగు పొంగుతుంది. నురుగు ఎగ్జాస్ట్ ఫిల్టర్‌ను తడిపిందంటే అది మూసుకుపోయి లోపల ఒత్తిడి పెరుగుతుంది. యాంటీఫోమ్ పోస్తే నురుగు అణుగుతుంది గానీ, ఎక్కువైతే ఆక్సిజన్ కరగడమే తగ్గిపోతుంది. ఎమ్మెస్సీలో బట్టీ పట్టిన మాస్ ట్రాన్స్‌ఫర్ (గాలిలోని ఆక్సిజన్ నీటిలోకి చేరడం) సూత్రం నాకు అర్థమైంది ఆ ట్యాంకు పక్కన నిలబడ్డప్పుడే.

ఇక కంటామినేషన్, అంటే ట్యాంకులోకి వేరే సూక్ష్మజీవి దూరడం. మేం పెంచేది అజోస్పిరిల్లం అనే బ్యాక్టీరియా. గ్రామ్ స్టెయిన్‌లో (రంగు వేసి మైక్రోస్కోపులో చూసే పరీక్ష) గులాబీ రంగులో కొంచెం వంకరగా కనిపిస్తుంది. వాటి మధ్యలో ఊదారంగులో లావుపాటి కడ్డీలు కనిపించాయంటే బాసిల్లస్ దూరినట్టే. అది వేగంగా పెరుగుతుంది, పైగా స్పోర్లు (వేడిని తట్టుకునే గట్టి రూపాలు) కడుతుంది, మామూలు వేడికి చావదు. ఆ బ్యాచ్ పారబోసి, పైపులు, వాల్వులు, ఓ-రింగులు అన్నీ విప్పి వెతకాలి. రాత్రి కరెంటు పోయి, జనరేటర్ అందుకునేలోపు ట్యాంకులో ఒత్తిడి పడిపోయినా ఇదే గతి. ఫౌండర్ ముఖం చూడాలంటే టెన్షన్ వచ్చేది ఆ రోజుల్లోనే.

అయితే నాకు అన్నిటికన్నా కష్టం అనిపించింది ఇవేవీ కావు. మన దేశంలో జీవన ఎరువులు 2006లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వచ్చాయి. అజోస్పిరిల్లం లాంటివి పొడి రూపంలో గ్రాముకు కనీసం 5 కోట్లు, ద్రవ రూపంలో మిల్లీలీటరుకు 10 కోట్లు బతికున్న కణాలు ఉండాలి. తయారైన రోజు ఈ లెక్క దాటడం పెద్ద పనేం కాదు. కానీ వానాకాలం పంట కోసం సరుకు ఏప్రిల్, మే నెలల్లోనే ఊళ్లకు వెళ్తుంది. రేకుల కప్పు కింద, యూరియా బస్తాల పక్కన ఆ సీసాలు ఎండకు మాడతాయి. అధికారులు శాంపిల్ తీసేది మన ఫ్రిజ్‌లోంచి కాదు, ఆ కొట్లోంచి. అజోస్పిరిల్లం స్పోర్లు కట్టదు కాబట్టి ఆ వేడికి లెక్క కుప్పకూలుతుంది. కణాలను కాపాడే గ్లిసరాల్, ట్రెహలోజ్, పీవీపీ పాళ్లు మార్చుకుంటూ, సీసాలను 45 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టి వారం వారం ప్లేటింగ్ (బతికున్న కణాల లెక్క) చేయడం, నా ఉద్యోగంలో సగం అదే. చూడ్డానికి చిన్న పనే, కంపెనీ నిలబడేది మాత్రం దాని మీదే.

చేరేముందు ఇంకోటి కూడా అడగండి: ఆ సరుకును దేని కింద అమ్ముతున్నారు? పోషకాలు అందిస్తుందంటే ఎరువుల చట్రం. సూడోమోనాస్ ఫ్లోరసెన్స్ లాంటి బ్యాక్టీరియాను తెగులు మందుగా అమ్మితే 1968 నాటి పురుగుమందుల చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి, దానికి డేటా, ఖర్చు, సమయం అన్నీ ఎక్కువ. ఈ తేడా తడుముకోకుండా చెప్పలేని ఫౌండర్ దగ్గర జాగ్రత్త.

జీతం మొదట్లో క్యూసీకి అటూ ఇటూగానే ఉంటుంది. టైముకి వస్తుందా అన్నదే ప్రశ్న. చాలా స్టార్టప్‌లు మొదట కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ ఇచ్చే బిగ్ గ్రాంటు మీద నడుస్తాయి. అది గరిష్ఠంగా 50 లక్షలు, 18 నెలలు, అదీ పని పూర్తయ్యేకొద్దీ విడతలుగా. విడత ఆలస్యమైతే జీతమూ ఆలస్యమే, నేను చూశాను. బ్యాంకులో ఎన్ని నెలలకు సరిపడా డబ్బుందో ఇంటర్వ్యూలోనే అడగండి, మొహమాటపడకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వమంటే మాత్రం అక్కడితో ఆపేయండి.

ల్యాబు చూపించమనండి. మైనస్ 80 ఫ్రీజర్‌కు బ్యాకప్ ఉందా, గ్లిసరాల్ స్టాకులు (గడ్డకట్టించి దాచిన అసలు బ్యాక్టీరియా) ఇంకోచోట కూడా దాచారా, లాగ్‌బుక్కులో నిన్నటి తేదీ ఉందా చూస్తే చాలా సంగతులు తెలిసిపోతాయి. రాత్రి బ్యాచ్‌లుంటే ఇంటికి క్యాబ్ ఇస్తారా అన్నదీ ముందే తేల్చుకోండి, శామీర్‌పేట దాటాక పొద్దుపోతే బస్సులు దొరకడం కష్టం.

ఇన్నేళ్లు మానకుండా పని చేస్తానని బాండు ఏమైనా రాసివ్వమన్నారా? ఆఫర్ లెటర్లో ఆ పేరా ఇక్కడ రాస్తే చూసి చెప్తాను.