ఇంటికి రెండో కారుగా రోడ్‌స్టర్: ముందు పైకప్పు సంగతి చూడండి

రోడ్‌స్టర్ల గురించి, అంటే పైకప్పు తెరుచుకునే రెండు సీట్ల కార్ల గురించి, హైదరాబాద్ పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాం. ఇంట్లో రోజువారీ అవసరాలకు కారు ఉండి, సరదాగా నడుపుకోవడానికి ఇంకొకటి కొనాలనుకునేవారే ఇలా అడిగినవారిలో ఎక్కువ.

ప్రశ్న: మాకు ఇప్పటికే ఒక ఎస్‌యూవీ ఉంది. ఆదివారాలు నడుపుకోవడానికి 40 లక్షల లోపు సెకండ్ హ్యాండ్ రోడ్‌స్టర్ కొనాలనుకుంటున్నాను. 2009 తరువాతి బీఎండబ్ల్యూ జెడ్4, మెర్సిడెస్ ఎస్ఎల్‌కే 350, పోర్షే బాక్‌స్టర్ నా పరిశీలనలో ఉన్నాయి. పార్కింగ్ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో. మాకు ఆరేళ్ల పాప ఉంది. ఏది తీసుకోమంటారు?
— ఒక పాఠకుడు, మణికొండ

జవాబు: ఇంటి అవసరాలన్నీ తీర్చే కారు ముందే ఉంది కాబట్టి రెండోదాన్ని మైలేజీతోనూ సీట్ల సంఖ్యతోనూ తూచనవసరం లేదు. నడిపేటప్పుడు అది ఎంత ఆనందం ఇస్తుంది, మన ఎండకూ వానకూ ఎంతకాలం నిలుస్తుంది అన్న రెండు విషయాలు చూస్తే చాలు. హార్స్‌పవర్ అంకెలను నేను చివరన పెడతాను. ఈ మూడింటిలో ఏదైనా మన రోడ్ల మీద వాడగలిగినదానికంటే ఎక్కువ శక్తి ఉన్నదే.

నడపడంలోని ఆనందం ఒక్కటే కొలమానమైతే సందేహం లేకుండా బాక్‌స్టర్ అంటాను. దానిలో ఆరు సిలిండర్ల ఇంజన్ సీట్ల వెనుక, కారు మధ్యభాగంలో ఉంటుంది. బరువు మధ్యలో ఉండటం వల్ల స్టీరింగ్ తిప్పగానే కారు మొత్తం ఒక్కటిగా మలుపులోకి వస్తుంది, ఆ అనుభూతి గంటకు 50 కిలోమీటర్ల వేగంలోనే తెలుస్తుంది. 2008 వరకు వచ్చిన బాక్‌స్టర్ ఇంజన్లలో లోపలి షాఫ్టుకు ఉండే ఒక బేరింగ్ విరిగి ఇంజనే పాడైపోయిన సందర్భాలు ప్రపంచమంతటా నమోదయ్యాయి. 2009 నుంచి వచ్చిన ఇంజన్లలో ఆ బేరింగే లేదు కాబట్టి మీరు పెట్టుకున్న హద్దు సరైనది. సామాన్లు పెట్టుకోవడానికి ముందు ఒకటి, వెనుక ఒకటి చొప్పున రెండు చోట్లున్నాయి, కప్పు తెరిచినా వాటిలో స్థలం తగ్గదు. అయితే కప్పు గుడ్డది. ఆరుబయట నిలిపే కారుకు మన ఏప్రిల్, మే ఎండలు ఆ గుడ్డను త్వరగా పాతబడేలా చేస్తాయి. మీకు సెల్లార్ ఉంది కాబట్టి ఆ భయం తక్కువ.

జెడ్4, ఎస్ఎల్‌కేలకు లోహపు కప్పు మడతపడి డిక్కీలోకి వెళుతుంది. కప్పు మూసినప్పుడు అవి మామూలు కారులాగే ఉంటాయి, ఏసీ బాగా పట్టి ఉంటుంది, వర్షం చప్పుడు తక్కువగా వినిపిస్తుంది. డిక్కీలో మాత్రం ఆ కప్పు చాలా చోటు తీసుకుంటుంది. కప్పు తెరిస్తే జెడ్4 డిక్కీ 310 లీటర్ల నుంచి 180కి తగ్గుతుంది, 2011 తరువాతి ఎస్ఎల్‌కేలో 335 నుంచి 225కి తగ్గుతుంది. ఇద్దరు శ్రీశైలం వెళ్లి ఒక రాత్రి ఉండి రావడానికి ఈ రెండోదానిలో చోటు సరిపోతుంది, మొదటిదానిలో బ్యాగులు ఆచితూచి సర్దుకోవాలి. జెడ్4లో 35ఐ అనే రకానికి ఉన్న జంట టర్బో (గాలిని ఒత్తిడితో లోపలికి పంపి శక్తి పెంచే పరికరం) ఇంజన్ 306 హార్స్‌పవర్ ఇచ్చే చక్కటి ఇంజనే అయినా, ఆ తరం ఇంజన్లలో హైప్రెషర్ ఫ్యూయెల్ పంపు పాడవడం మామూలు సమస్య. పంపు మార్చిన రసీదు లేకపోతే ఆ ఖర్చును బేరంలో తగ్గించి అడగండి. ఎస్ఎల్‌కే 350లోని 3.5 లీటర్ల వీ6 (ఆరు సిలిండర్ల) ఇంజన్‌కు టర్బో లేదు. శక్తి దానికీ 306 హార్స్‌పవరే, పాతబడిన కారులో చూసుకోవలసిన భాగాలు మాత్రం తక్కువ.

మీకు నా సలహా ఎస్ఎల్‌కే 350. రోజూ వాడని కారు పాతబడ్డాక తక్కువ తలనొప్పి పెట్టాలి, అకస్మాత్తుగా వాన పడినా నిశ్చింతగా ఉండాలి, భార్యాభర్తలిద్దరికీ సౌకర్యంగా ఉండాలి అంటే ఈ మూడింటిలో అదే మేలు. దానికి మెడ దగ్గర వేడిగాలి ఊదే ఏర్పాటు ఉంటే అది మనకెందుకని కొట్టిపారేయకండి, డిసెంబరు తెల్లవారుజామున గండిపేట గాలిలో కప్పు తెరిచి వెళ్లేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. అయితే సర్వీసు రికార్డు మొదటి నుంచీ చివరి వరకూ ఉన్న 2009 తరువాతి బాక్‌స్టర్ దొరికితే మాత్రం నా సలహాను పక్కన పెట్టి దాన్నే కొనండి.

ఇక స్పీడ్ బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. ఆ కొలతతో వేసినదాన్ని రోడ్‌స్టర్ నెమ్మదిగా దాటగలదు. కాలనీవాళ్లు సొంతంగా పోయించుకున్న నిటారు దిమ్మలే దాని కింది భాగాన్ని గీరేస్తాయి. అందుకే కొనేముందే మీ సెల్లార్ ర్యాంపు మీద, వీధిలో ఉన్న ప్రతి బ్రేకర్ మీద ఆ కారునే ఒకసారి నడిపి చూడండి. అడ్డంగా ఏటవాలుగా ఎక్కించినా తగులుతోందంటే ఆ ఇంటికి ఆ కారు పనికిరాదు. పాప విషయంలో ఒక్క మాట: ముగ్గురూ కలిసి వెళ్లే కారు కాదిది. పాపను ఎక్కించుకుంటే ఆమె వయసుకు తగిన సీటు బిగించి, బెల్టు పెట్టి, సీటును వీలైనంత వెనక్కి జరపాలి. పక్కసీటు ఎయిర్‌బ్యాగ్ గురించి కారు పుస్తకంలో ఏం రాశారో చదివి అలాగే చేయాలి. ఒళ్లో కూర్చోబెట్టుకుని తిప్పడం ఎంత దగ్గరికైనా వద్దు.

ప్రశ్న: 2011లో ఢిల్లీలో రిజిస్టరైన బాక్‌స్టర్ ఒకటి తక్కువ ధరకు వస్తోంది. కొనేముందు ఏమేం చూడాలి?
— ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: ముందు కాగితాలు. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు కాబట్టి ఈ బండికి అది 2026తో ముగుస్తుంది, ఆ తరువాత తనిఖీ చేయించి అయిదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. ఢిల్లీ ప్రాంతంలో 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండ్లపై ఆంక్షలు ఉన్నందువల్లే అక్కడ ఇలాంటివి తక్కువ ధరకు వస్తాయి. అక్కడి ఆర్టీవో ఇచ్చిన ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) చేతికి రాకముందు మొత్తం డబ్బు చెల్లించవద్దు. కారు ఇక్కడికి వచ్చాక తెలంగాణలో జీవితకాల పన్ను కట్టి కొత్త నంబరు తీసుకోవాలి. అదెంత అవుతుందో మీ ఆర్టీఏ కార్యాలయంలో ముందే అడిగి, కారు ధరకు కలిపి చూసుకోండి. తక్కువ ధర అనుకున్నది చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

తరువాత పైకప్పు. పాత రోడ్‌స్టర్లను ఇంజన్ కంటే ఎక్కువగా పాడుచేసేది కప్పు చుట్టూ నిలిచే నీరే. కప్పు మీద పడ్డ వాననీరు దాని అంచున ఉన్న కాలువలోకి చేరి, సన్నటి గొట్టాల గుండా కారు కిందికి దిగిపోవాలి. వేపచెట్టు కింద నిలిపిన కారులో ఆ రంధ్రాలు ఎండుటాకులతో, దుమ్ముతో పూడిపోతాయి. అప్పుడు నీరు పక్కదారి పట్టి కార్పెట్ కిందికి చేరుతుంది. తొలి తరం బాక్‌స్టర్‌లో తాళాలనూ అలారాన్నీ నడిపే కంట్రోల్ యూనిట్ సీటు కిందే ఉంది, అది తడిస్తే కారు స్టార్ట్ కాదు, మార్చాలంటే ఖర్చు గట్టిగానే అవుతుంది. బీఎండబ్ల్యూ మొదటి తరం జెడ్4లోనూ కప్పును నడిపే పంపు మోటారు ఇలాగే నీటిలో మునిగి చెడిపోవడం ఆ కారు నడిపేవారందరికీ తెలిసిన విషయం.

పరీక్ష కష్టమేమీ కాదు. కప్పును సగం తెరిచి ఆపి, వెనుక మూలల్లో కాలువ ఎక్కడుందో చూసి, మగ్గుతో నీళ్లు నెమ్మదిగా పోయండి. కొద్ది సెకన్లలో వెనుక చక్రాల ముందు నేల మీద ధారగా పడాలి. పడకపోతే అక్కడితో ఆగి, సీట్లు ముందుకు జరిపి కార్పెట్‌ను అరచేతితో గట్టిగా నొక్కండి. చేతికి తడి తగిలినా, ముక్కిన వాసన వచ్చినా ఆ కారును వదిలేయడమే మంచిది. పూడిన గొట్టాన్ని గట్టి ఇనుప తీగతో పొడవవద్దు, గాలి పంపుతో ఊదవద్దు, లోపల గొట్టం ఊడిపోతే నీరు నేరుగా కారులోకే వస్తుంది. మెత్తటి నైలాన్ తీగతో మెల్లగా శుభ్రం చేయాలి.

ఇంజన్ నడుస్తుండగా కప్పును నాలుగైదు సార్లు పూర్తిగా తెరిచి మూయించండి. మధ్యలో ఆగినా, ఒక పక్క ముందు ఒక పక్క వెనుక కదిలినా కారణం తెలిసేదాకా బేరం మాట్లాడవద్దు. వెనుక అద్దం చుట్టూ గుడ్డకు వేసిన అతుకును, మడతపడే చోట గుడ్డ అరుగుదలను పగటి వెలుగులో చూడండి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూస్తే వరదలో మునిగిన కారు గుట్టు బయటపడుతుంది. లోపల చుట్టి ఉన్న భాగంలో బురద చార మిగిలిపోతుంది. 2020 అక్టోబరు వర్షాలకు మన నగరంలోనే ఎన్నో సెల్లార్లు నిండిపోయాయి, నేలకు దగ్గరగా ఉండే కార్లే అలాంటప్పుడు ముందు మునుగుతాయి. చివరిగా టైర్లు: పక్కన ముద్రించిన నాలుగంకెల్లో మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. తక్కువ తిరిగిన కారుకు గాడులు కొత్తగానే కనిపిస్తాయి, రబ్బరు మాత్రం గట్టిపడి ఉంటుంది.

బీమా క్లెయిములో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం తరుగు కోస్తారు. పాత కారుకు ఆ తరుగు కోయని జీరో డిప్రిసియేషన్ రక్షణ దొరకడం కష్టం, కప్పుకు బీమా ఏ మేరకు వర్తిస్తుందో పాలసీ తీసుకునేముందే రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: మాజ్డా మియాటాను జపాన్ నుంచో దుబాయ్ నుంచో తెప్పించుకోవచ్చా?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మీ అభిరుచిని అభినందిస్తున్నాను. 1989లో వచ్చిన ఆ కారు, సుమారు టన్ను బరువుతో, సాదాసీదా ఇంజన్‌తో, తేలికదనమే అసలు ఆనందమని ప్రపంచానికి మళ్లీ గుర్తు చేసింది. 2016కల్లా పది లక్షల కార్లు తయారయ్యాయి. కానీ మాజ్డా తన కార్లను మన దేశంలో అధికారికంగా అమ్మలేదు. వాడిన కారును దిగుమతి చేసుకోవాలంటే అది తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. దుబాయ్ కార్లకు స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది కాబట్టి ఆ దారి మూసినట్టే. జపాన్ నుంచి తెచ్చినా సుంకాలతో ధర ఎన్నో రెట్లవుతుంది, బంపర్ పగిలితే విడిభాగం కోసం వారాల తరబడి ఎదురుచూడాలి. కార్నెట్ (సుంకం కట్టకుండా కొంతకాలానికి తెచ్చుకునే అనుమతి పత్రం) మీద తాత్కాలికంగా వచ్చిన విదేశీ కారును చవకగా ఇస్తామని ఎవరైనా అంటే దాని జోలికి వెళ్లవద్దు, దాన్ని ఇక్కడ అమ్మడానికి వీల్లేదు.

ప్రశ్న: ఎంజీ సైబర్‌స్టర్ ఎలక్ట్రిక్ రోడ్‌స్టర్ తీసుకోవచ్చా, లేక పెట్రోలు కారే మేలా?
— ఒక పాఠకుడు, కోకాపేట

జవాబు: 2025 జులైలో మన మార్కెట్లోకి వచ్చిన ఈ కారు ఎక్స్‌షోరూమ్ ధరను 74.99 లక్షలుగా ప్రకటించారు. 77 కిలోవాట్ అవర్ బ్యాటరీ, రెండు మోటార్లు, 510 పీఎస్ (హార్స్‌పవర్‌కు దాదాపు సమానమైన కొలత) శక్తి, గంటకు 100 కిలోమీటర్ల వేగం 3.2 సెకన్లలో అందుకోవడం దీని ప్రత్యేకతలు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు 31 వరకు ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించింది. ఇంత ఖరీదైన పెట్రోలు కారుకు ఆ పన్నే లక్షల్లో ఉంటుంది కాబట్టి హైదరాబాద్‌లో కొనేవారికి ఇది పెద్ద లాభమే.

అయినా రోడ్‌స్టర్ అంటే నాకు తేలికగా ఉండే కారు. బ్యాటరీ వల్ల సైబర్‌స్టర్ బరువు రెండు టన్నులకు దగ్గరగా ఉంది, మలుపులో ఆ బరువు చేతికి తెలుస్తూనే ఉంటుంది. నిశ్శబ్దంగా, కప్పు తెరిచి, ఔటర్ మీద సాయంత్రం తిరిగి రావాలనుకునేవారికి అది ఎంతో బాగుంటుంది. ఘాట్ రోడ్డులో గేర్లు మారుస్తూ ఇంజన్ స్వరం వినాలనుకునేవారికి పెట్రోలు కారే సరైనది. మీరు ఈ ఇద్దరిలో ఎవరో తేల్చుకోవడానికి టెస్ట్ డ్రైవ్ ఒక్కటే మార్గం. దీని తలుపులు పైకి లేస్తాయి, సెల్లార్‌లో మీ స్థలం మీద దూలం, పైపులు ఎంత ఎత్తున ఉన్నాయో టేపుతో కొలిచి వెళ్లండి.

ప్రశ్న: అంత డబ్బు పెట్టలేను, పైకప్పు లేని ప్రయాణం మాత్రం కావాలి.
— ఒక పాఠకుడు, ఎల్బీనగర్

జవాబు: 2020లో వచ్చిన మహీంద్రా థార్‌లో మడిచే గుడ్డ కప్పు రకం ఉంది. సెకండ్ హ్యాండ్‌లో దాన్ని వెతకండి. అది రోడ్‌స్టర్ కాదు, మలుపుల్లో ఒరుగుతుంది, కానీ నలుగురు కూర్చోవచ్చు, మన గుంతలకు భయపడదు, ఏ ఊళ్లోనైనా మెకానిక్ దొరుకుతాడు.

ప్రశ్న: రోడ్‌స్టర్ కొన్నాను. మన ఊళ్లో దాన్ని ఎప్పుడు, ఎక్కడ నడపాలి? మిగతా రోజుల్లో ఎలా కాపాడుకోవాలి?
— ఒక పాఠకురాలు, సైనిక్‌పురి

జవాబు: అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మీ కాలం. మిగతా నెలల్లో సూర్యోదయం వేళ వెళ్లి, ఎండ ముదరకముందే ఇంటికి రావడం మంచిది. ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్ల పొడవునా సాఫీగా ఉన్నా, నిజానికి కప్పు తెరిచిన కారుకు అది అంత గొప్ప దారి కాదు. నూరు దాటితే గాలి హోరే మిగులుతుంది. గంటకు 60, 70 కిలోమీటర్ల మధ్య పచ్చటి దారిలో వెళ్లినప్పుడే రోడ్‌స్టర్ అందం తెలుస్తుంది. చేవెళ్ల వైపు మర్రిచెట్ల నీడలో సాగి, వికారాబాద్ దాటి అనంతగిరి కొండ ఎక్కే దారి నాకు అన్నిటికంటే ఇష్టం. అక్కడ ఎడ్లబళ్లు, ట్రాక్టర్లు, రోడ్డు దాటే మేకలమందలు ఉంటాయి కాబట్టి మలుపు అవతల ఏముందో కనబడేదాకా వేగం పెంచవద్దు. శ్రీశైలం వెళితే మన్ననూరు దాటాక అమ్రాబాద్ పులుల అభయారణ్యం, రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా గేటు మూసి ఉంటుంది. అడవిలో సూచించిన వేగం దాటకండి, కప్పు తెరిచి ఉన్న కారును కోతుల దగ్గర అసలు ఆపకండి.

కారును నెలల తరబడి కదపకుండా ఉంచడం కంటే వారానికోసారి ఇంజన్ పూర్తిగా వేడెక్కేంత దూరం తిప్పడం మేలు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో కారును నిలిపి ఉంచేటప్పుడు ట్యాంకు నిండుగా ఉంచండి. పాత మోడల్ అయితే ఇంధనం గొట్టాలను ఏటా సర్వీసులో చూపించండి. బ్యాటరీకి మెల్లగా చార్జ్ చేసే పరికరం తగిలించి ఉంచితే కప్పు మోటారు మొరాయించదు. కప్పు తడిసి ఉంటే పూర్తిగా ఆరాకే మడవండి, తడిగా మడిస్తే బూజు పడుతుంది. గుడ్డ కప్పును హైప్రెషర్ నీటితో కడిగించవద్దు, మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, ఏడాదికోసారి నీరు పట్టకుండా చేసే ద్రావణం పూయించండి. తలుపుల చుట్టూ ఉండే రబ్బరు పట్టీలకు సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. వానాకాలం మొదలయ్యేముందు, అంటే మే నెలాఖరుకు, నీటి కాలువల రంధ్రాలను ఒకసారి శుభ్రం చేయించి, మగ్గు నీళ్లతో మీరే పరీక్షించుకోండి.