రెండో భాగం తప్పకుండా చూడండి, కానీ మూడోది దగ్గర పెట్టుకుని

స్టీగ్ లార్సన్ రాసిన స్వీడిష్ నేరకథలైన 'మిలీనియం' నవలలు చదవలేదు, స్వీడిష్ రాదు, వాటి మీద తీసిన మొదటి సినిమా మాత్రం బాగా నచ్చింది, రెండోదైన 'ద గర్ల్ హూ ప్లేడ్ విత్ ఫైర్' చూడవచ్చా అని అడిగారు. తప్పకుండా చూడండి. నేను రెండుసార్లు చూశాను. మొదటిసారి నిరాశపడ్డాను, రెండోసారి కదలకుండా కూర్చున్నాను.

మొదటిసారి ఇంగ్లీషు డబ్బింగ్‌లో చూడడం నా పొరపాటు. కథానాయిక, హ్యాకర్ లిస్బెత్ సలాండర్‌గా వేసిన నూమీ రపాస్ మాట్లాడేదే తక్కువ. ఆ కాస్త మాటల్లోని విసురు, మాటకు ముందు బిగబట్టే ఊపిరి, వేరే గొంతు తగిలించగానే పోయాయి. రెండోసారి స్వీడిష్‌లోనే, సబ్‌టైటిళ్లతో చూశాను. పావుగంటకల్లా కింద అక్షరాలు చదువుతున్నానన్న ధ్యాసే లేదు. పైగా ఒక విషయం చెవిన పడింది: అందరూ ఒకరినొకరు 'దూ' అనే పిలుచుకుంటారు. 1960ల చివరి నుంచి స్వీడన్‌లో గౌరవ సంబోధనలు వెనక్కి తగ్గి, ఈ 'నువ్వు' దాదాపు అందరికీ వర్తించింది. మీరు, నువ్వు అని ఆచితూచి వాడే మనకు ఆ మాట ప్రతిసారీ వినిపిస్తుంది. ఇంగ్లీషులో అది తెలియనే తెలియదు.

పేర్ల దగ్గర కాస్త జాగ్రత్త. బ్యూర్మన్, బ్యోర్క్, బుబ్లాన్‌స్కీ: ముగ్గురూ 'బ'తోనే మొదలవుతారు. మొదటివాడు లిస్బెత్‌కు చట్టం నియమించిన సంరక్షకుడైన లాయరు, రెండోవాడు రహస్య పోలీసు విభాగం మనిషి, మూడోవాడు హత్య కేసు చూసే పోలీసు అధికారి. నేను వీళ్లను కలగలిపేసుకుని అరగంట కథ పోగొట్టుకున్నాను. రెండోసారి ఒక కాగితం మీద రాసుకుని పక్కన పెట్టుకున్నాను, అంతటితో తీరిపోయింది.

మొదటి సినిమాతో పోల్చుకుంటే మాత్రం ఇది వేరుగా అనిపిస్తుంది. దానికి నీల్స్ ఆర్డెన్ ఓప్లేవ్ దర్శకుడు, దీనికీ మూడోదానికీ డానియల్ ఆల్ఫ్రెడ్సన్. ఈ రెండింటినీ మొదట టీవీ కోసం అనుకున్నారు, తర్వాత కుదించి 2009లోనే థియేటర్లకు తెచ్చారు. అందుకే కొన్ని చోట్ల కథ గంతులేస్తుంది. 2010లో స్వీడిష్ టీవీలో మూడు కథలూ కలిపి ఒక్కోటి గంటన్నర చొప్పున ఆరు భాగాలుగా వచ్చాయి. అది దొరికితే అదే చూడండి.

అసలు నన్ను పట్టుకున్నది మరొకటి. మూడు హత్యలు లిస్బెత్ చేసిందని పోలీసులు, పత్రికలు కోడై కూస్తుంటే, పాత్రికేయుడు మికాయెల్ ఒక్కడు కాదంటాడు. మొదటి సినిమాలో పక్కపక్కనే పనిచేసిన ఇద్దరూ ఇందులో చివరిదాకా ఎదురుపడరు. నవలలో, ఆమె తన కంప్యూటర్‌లోకి చొరబడుతుందని తెలిసి, అతను అందులోనే ఆమెకు ఉత్తరం రాసి పెడతాడు. ఆ దూరం అర్థమైతే, మొదటిసారి నాకు నింపాదిగా తోచిన నడకే గుండె బిగబట్టేలా చేసింది.

నవల ముందు చదవాలా? అక్కర్లేదు, తర్వాత చదవండి. రచయిత స్టీగ్ లార్సన్ 2004లో, తన 50వ ఏట, గుండెపోటుతో పోయారు. మూడు నవలలూ ఆ తర్వాతే, 2005, 2006, 2007లలో వచ్చాయి. తన పుస్తకాలను ఇన్ని దేశాలు చదవడం ఆయన చూడలేకపోయారన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. మరో ముచ్చట: లిస్బెత్ తలుపు మీద 'వి. కుల్లా' అని రాసుకుంటుంది. ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ పిల్లల కథల్లో పిప్పీ అనే అమ్మాయి ఉండే ఇల్లు విల్లా విల్లెకుల్లా. ఎవరి అదుపులోనూ ఉండని ఆ ఒంటరి పిల్ల పెద్దదైతే లిస్బెత్‌లాగే ఉంటుందని నాకూ అనిపించింది.

స్త్రీల మీద హింస, ఆడపిల్లల అక్రమ రవాణా కథలో ముఖ్యం కాబట్టి మనసు సిద్ధం చేసుకుని కూర్చోండి. ముగింపు సగంలో తెగినట్టు ఉంటుంది, మూడోది సరిగ్గా అక్కడే మొదలవుతుంది. నేను వారం ఆగి చూశాను, అప్పటికి సగం మరిచిపోయాను. మీరు మర్నాడే చూడండి.