ఆర్కెస్ట్రాలో ఫ్లూట్ శ్రుతి ఎందుకు తప్పుతుంది?

ఒక్కరే వాయించేటప్పుడు బాగానే పలికే ఫ్లూట్ బృందంలో తేడా కొట్టడానికి ముఖ్య కారణం వేడి. గొట్టంలోని గాలి వేడెక్కేకొద్దీ శ్రుతి పెరుగుతుంది. అందుకే చల్లగా ఉన్న ఫ్లూట్‌తో శ్రుతి కలపకండి. ఐదు నిమిషాలు ఊదాక, ఓబో అనే ఊదే వాద్యం ఇచ్చే 'ఎ' స్వరానికి (సాధారణంగా 440 హెర్ట్జ్) కలపండి. ఊదే రంధ్రం ఉండే పై ముక్క అయిన హెడ్ జాయింట్‌ని మొత్తం లోపలికి నెట్టేయకుండా కొన్ని మిల్లీమీటర్లు బయటికి ఉంచితేనే రెండువైపులా సర్దుకునే వీలుంటుంది.

రెండోది ఊపిరి. గట్టిగా ఊదితే స్వరం పైకి పోతుంది, మెల్లగా ఊదితే కిందికి జారుతుంది. మెల్లని చోట పెదాల సందు చిన్నది చేసి, గాలిని కాస్త పైకి మళ్లించండి. దాదాపు వేళ్లన్నీ ఎత్తేసి పలికించే సి షార్ప్ అనే స్వరం మరీ పెంకిది, పైకే పోతుంది.

ఆక్టేవ్‌లు (మంద్ర, మధ్య, తార లాంటి స్వర స్థాయిలు) ఒకదానికొకటి పొసగకపోతే హెడ్ జాయింట్ మూసిన చివర లోపలుండే బిరడా చూడండి: క్లీనింగ్ రాడ్‌ని లోపల బిరడాకి ఆనిస్తే రాడ్ మీది గీత ఊదే రంధ్రానికి సరిగ్గా మధ్యలో కనబడాలి.

కింది ఆక్టేవ్ వినబడకపోవడం మాత్రం మీ తప్పు కాదు. ట్రంపెట్లు, ట్రాంబోన్లు మోగుతుంటే అది మునిగిపోతుంది. బలవంతంగా ఊదితే వినబడదు సరికదా, శ్రుతి కూడా పోతుంది.